పక్కింటి పిండి

బొగ్గుబాయి సైరన్ మోగేలోగా ఏడాది నిండిన కొడుకు సాంబడి చేత నాలుగు ముద్దలు తినిపించాలని ఆ ఉదయం నర్మద అనుకుంది. జావ పెడితే ఊస్తున్నాడు. అన్నం చూస్తే మొహం తిప్పుకుంటున్నాడు. ఇట్లాగే ఎండిపోతే పెద్ద దవాఖానకు తీసుకుపోవాలని కంపౌండరు చెప్పినప్పటినుంచి ఆమెకు నిద్ర లేదు.

ఆమె గోస గోడ అవతలికి వినిపించినట్లుంది. బీహారు నుంచి బెల్లంపల్లి బాయిపనికి వచ్చిన జగ్‌దేవ్ భార్య సుగియా గిన్నెడు పచ్చని పిండి తెచ్చింది. ఆమె మాట వీళ్ళకు అందదు. అందుకని పిల్లవాణ్ణి చూపింది, నీళ్ళ కుండ చూపింది, వేళ్ళతో కలిపినట్లు చేసి, తన పొట్ట నిమురుకుని నవ్వింది.

"గిది శనగపిండే పోరీ. నలుగు పెట్టుమంటున్నది. పొట్టకు రాస్తె ఆకలైతదట," అని అత్త శంకరవ్వ తేల్చింది.

"నిజంగనేనా అత్తమ్మా?"

"నలుగుర్ని సాదిన. నాకెరుకలేదా?"

వచ్చిన గిన్నెను ఖాళీగా పంపడం ఆ ఇంట్లో లేదు. నలుగుకు నలుగే మర్యాద అనుకుని, నర్మద పెసలు, కచ్చూరాలు, పసుపు కలిపి దంచుకున్న తన పిండిని నిండుగా పోసి ఇచ్చింది. సుగియా కళ్ళకద్దుకుని తీసుకుపోయింది.

కాసేపటికి నర్మద పెరట్లో కాళ్ళు చాపి, సాంబణ్ణి వాటిమీద పడుకోబెట్టి, తడిపిన పిండి పొట్టకు దట్టంగా పట్టించింది. గోడమీదుగా సుగియా చూసింది. గాభరాగా వేళ్ళు నోటి దగ్గర పెట్టి చూపింది.

"మూతికి గూడ రాయుమంటున్నది!" అంది శంకరవ్వ.

నర్మద మూతికి కూడా రాసింది.

అప్పుడే భర్త అంబదాస్ రాత్రిపాళీ దిగి వచ్చాడు. "గిదేందే అవ్వా? గది సత్తు, ఏంచిన శనగల పిండి! ఉప్పేసి నీళ్ళల్ల కలుపుకొని వాళ్ళు పొద్దుగాల తినేది!"

నర్మద తలెత్తింది. "మరి నేనిచ్చిన నలుగుపిండి?"

"నలుగుపిండా! బాయికాడ జగ్‌దేవ్ ఇప్పుడే ఎదురైండు. మీ ఇంటి సత్తు తిన్న భాయ్, మస్తు వాసన, జర చేదు అన్నడు."

"అయ్యో, మనిషికేమన్న అయితే?"

"ఏం గాదు, పెసర్లే గద," అంది శంకరవ్వ, కొంగు సర్దుకుంటూ.

ఎవరూ చూడని ఆ కాస్తలో సాంబడు పెదవులు నాకాడు. తర్వాత పొట్టమీది పిండిని పిడికిలితో గీకి నోట్లో పెట్టుకున్నాడు. మళ్ళీ గీకాడు.

"ఎవరు మాట్లాడకుండ్రి," అంది నర్మద ఊపిరి బిగబట్టి.

పెద్ద దవాఖాన తప్పింది. సాంబడు పూటపూటా కడుపునిండా తిన్నాడు, కాకపోతే పళ్ళెంలో పెడితే ముట్టడు, పొట్టమీద వడ్డించాలి.