అందరికీ సరిపోయే గాజులు

సాయంత్రం జరగబోయే భార్య శ్రీలక్ష్మి శ్రీమంతానికి గాజుల బాధ్యత తనదేనని ఉమాపతి పొద్దున్నే ప్రకటించాడు. తాడేపల్లిగూడెం కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే అల్లుడు, ఏలూరులో అత్తవారింట ఒక్క పనైనా సవ్యంగా చేయగలడని ఈసారి నిరూపించాలి.

"వచ్చేవాళ్ళందరికీ ఫోన్ చేసి సైజులు అడగండి. శుభకార్యంలో ఒక్క గాజు చిట్లినా అమ్మ తట్టుకోలేదు," అంది శ్రీలక్ష్మి.

అడిగాడు. పెదపాడు మేనత్తల వైపంతా సన్నటి చేతులు, టూ ఫోర్. ఏలూరు పెద్దమ్మల వైపంతా నిండు చేతులు, టూ ఎయిట్. సగటు టూ సిక్స్ అని తేలింది. లెక్క అంత చక్కగా తేలితే మురిసిపోని మాస్టారుండడు. భార్య సైజు పెళ్ళినాడే తెలుసు గనక ఆమెను అడగనే లేదు, ఆమెకు మాత్రం ప్రత్యేకంగా టూ ఫోర్ పచ్చగాజులు తీసుకున్నాడు.

"మిగతావి అన్ని సైజులూ కలిపి ఇవ్వమంటారా అండీ?" అన్నాడు గాజుల కొట్టాయన.

"అక్కర్లేదండి, సగటు తీశాను. అన్నీ టూ సిక్స్ ఇచ్చేయండి."

సాయంత్రం లోపల శ్రీలక్ష్మికి పూలజడ వేస్తుండగా పేరంటాళ్ళకు గాజులు పంచారు. పెద్దమ్మ సీతామహాలక్ష్మిగారి చేతికి గాజు కణుపుల దాకా ఎక్కి ఆగిపోయింది. సబ్బు రాశారు, కొబ్బరినూనె రాశారు. ముందుకు వెళ్ళదు, వెనక్కి రాదు. పోనీ చిట్లగొడదామంటే, ఈ రోజా! వాపు తగ్గేదాకా చెయ్యి పైకెత్తి ఉంచమన్నారు. అటు మేనత్తలు చెయ్యి దించితే గాజులు జారి నేలమీద పడేలా ఉన్నాయి, వాళ్ళూ ఎత్తారు. అప్పుడే వచ్చిన ఇరుగుపొరుగువాళ్ళు ఇదేదో ఈ ఇంటి ఆచారం కాబోలనుకుని తామూ ఎత్తారు.

"అలాగే ఉంచండమ్మా, చాలా బావుంది!" అన్నాడు వీడియో తీసే కళ్యాణ్.

వరండాలోంచి మామగారు ఈశ్వరరావు తొంగిచూసి కంగారుపడ్డారు. "ఏవండీ అల్లుడుగారూ, ఆడవాళ్ళంతా దేనికండీ ఓటేస్తున్నారు?"

అత్తగారు శేషారత్నం గొంతు మృదువుగానే ఉంది. ఉమాపతికి అందుకే భయం వేసింది. "ఇంతమందిలో టూ సిక్స్ చెయ్యి ఎవరిదండీ?"

గదంతా చూశాడు. ఒక్కరిదీ కాదు. సగటు తీయగానే సరిపోదు, అంకెలు దానికి ఎంత దూరంగా చెదిరి ఉన్నాయో కూడా చూడాలని ఏటా పిల్లలకు చెప్పేది తనే.

శ్రీలక్ష్మి వచ్చి పీట మీద కూర్చుంది. పచ్చగాజు ఆమె వేళ్ళ దగ్గరే ఆగిపోయింది. గాజులు పడని శ్రీమంతమా! శేషారత్నంగారి ముఖం వాడిపోయింది.

"నెలరోజులుగా చేతులకి నీరు పడుతోందండీ. మామూలేనన్నారు డాక్టరుగారు," అంది శ్రీలక్ష్మి నెమ్మదిగా. "మీరడిగితే చెబుదామనుకున్నాను."

బంధువులందరినీ అడిగాడు, పక్కనున్న మనిషిని అడగలేదు.

శేషారత్నంగారు ఇక చేసేదిలేక టూ సిక్స్ ఒకటి తీసి కూతురికి తొడిగి చూశారు. సాఫీగా ఎక్కింది. చూస్తుండగానే రెండు చేతులూ నిండాయి. ఆ సంతోషంలో పెద్దమ్మ దీవించడానికి చెయ్యి దించేసరికి, నూనెకి గాజు దానంతటదే జారి, చెక్కుచెదరకుండా శ్రీలక్ష్మి ఒళ్ళో పడింది.

"పెళ్ళాం చెయ్యి చూసే తెచ్చాడమ్మా, బంగారంలాంటి అల్లుడు!" అన్నారావిడ.

ఆ బంగారం ఎవరి ముఖమూ చూడలేకపోయింది. శ్రీలక్ష్మి నవ్వి, అతని చెవిలో అంది, "కాన్పుకి డాక్టరుగారు చెప్పిన తేదీ కూడా సగటేనటండీ."

మర్నాడు ఉమాపతి ఆ తేదీకి అటూ ఇటూ కలిపి నెల్లాళ్ళు సెలవు పెట్టాడు.