వంద శాతం మొలక

దశరథ్ పటాన్‌చెరు దగ్గర మాత్రల కంపెనీలో క్వాలిటీ చూస్తాడు. ఒక్క మాత్ర వెంట్రుకవాసి లావెక్కినా ఊరుకోడు, ఏరి పారేస్తాడు. ఇంట్లో మాత్రం ఆయన క్వాలిటీ చూసేది భార్య చంద్రిక. ఆ పరీక్ష ఆయన ఇంతవరకూ ఒక్కసారీ పాస్ కాలేదు.

చంద్రిక అక్క ఇంటికి వెళ్లిన రెండు రోజుల్లో ఆయనకు గుడాల మీద, అదే గుగ్గిళ్ల మీద, మనసు పోయింది. అటక మీద బూడిద కలిపిన డబ్బాలో అనుములు దొరికాయి. కడిగి నానబెట్టి, ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, ఎండుమిరపకాయ పోపు పెట్టి, దోస్తు సంగప్పను పిలిచాడు. ఇద్దరూ గిన్నె నాకడం ఒక్కటే తక్కువ.

"అబ్బ, గింత కమ్మగున్నయేందిరా! ఏడ కొన్నవ్?" అన్నాడు సంగప్ప.

అప్పుడు గుర్తొచ్చింది దశరథ్‌కు. అవి కొన్నవి కావు, అత్తగారు కౌసల్యమ్మ ఇంద్రేశం చెలకలో ముప్పయ్యేళ్లు ఏటేటా ఎత్తిపెట్టిన విత్తనం. ఆ సంగతి చంద్రిక పదిసార్లు చెప్పింది, పదిసార్లూ ఈయన ఫోన్ చూస్తూ ఊఁ కొట్టాడు. చెలక ప్లాట్లయింది. అత్తగారు పోయినేడు కాలం చేసింది. మిగిలింది ఆ గుప్పెడే. తొలకరికి మిద్దె మీద పెడతానని చంద్రిక రోజూ మబ్బుల వంక చూస్తోంది.

దశరథ్ విత్తనాల దుకాణానికి ఉరికాడు. పాకెట్‌లోని అనుములకు గులాబీ రంగు మందు పూసి ఉంటే మూడు నీళ్లు కడిగి, ఆరబెట్టి, అదే బూడిదలో కలిపి అటకెక్కించాడు.

వాన పడింది. అక్క ఇంటి నుంచి వచ్చిన చంద్రిక మిద్దె మీది డ్రమ్ముల్లో ముప్పై గింజలు పెట్టింది. అయిదో పొద్దున దశరథ్ మిద్దె మీది నుంచే కేక వేశాడు.

"చంద్రీ, జల్దీ రా! ముప్పైకి ముప్పై! వంద శాతం మొలక! మీ అమ్మ విత్తనమంటే గట్లుండాలె!"

చంద్రిక వచ్చి ఒక్కో డ్రమ్మూ చూసింది. నవ్వలేదు.

"ఇవి మా అమ్మయి కావు."

"ఎట్ల జెప్తవ్?"

"మా అమ్మ అనుములు ఎన్నడన్న ఒక్క దినమే లేసినయా? సగం ముందు లేస్తయి, కొన్ని రెండో వానకు లేస్తయి, ఇంకొన్ని మల్లేడుకు. ఇవి నీ కంపెనీ మాత్రల లెక్క లైన్ల నిలవడ్డయి. అవి ఎటు వోయినయ్?"

"ఈసారి వాన మంచిగ గొట్టింది గద..."

"నా మొఖం జూసి చెప్పు."

చెప్పేశాడు. ఆమె తిడుతుందనుకుంటే తిట్టలేదు. మెట్ల మీద కూలబడి, "మా అమ్మది ఇంకేం మిగల్లే" అంది. దశరథ్‌కు తిట్లే నయమనిపించింది.

కాసేపటికి తలెత్తింది. "నానవెడితే అన్నీ ఉబ్బినయా?"

"లే. కొన్ని రాళ్ల లెక్కనే ఉన్నయ్. పండ్లు ఇరుగుతయని ఏరి పక్క ప్లాట్ల పారేసిన."

చంద్రిక మెట్లు ఎట్లా దిగిందో తెలియదు. ఇద్దరూ గడ్డిలో మోకాళ్ల మీద గంటసేపు వెతికితే ఏడు గింజలు దొరికాయి. ఒకటి అప్పుడే మొలకెత్తుతోంది. మిగతా ఆరూ రాత్రంతా నీళ్లలో ఉండి, అయిదు రోజులు వానలో తడిసి కూడా లోపలికి చుక్క రానివ్వలేదు.

"వాన మోసం జేస్తదని గింజకెర్కే" అంది చంద్రిక. "అన్నీ ఒక్కసారే లేస్తే, ఎనక వాన రాకుంటే, ఖాన్‌దాన్ మొత్తం పాయె. అందుకే కొన్ని తోలు గట్టిగ జేస్కొని పండుకుంటయి."

నాలుగు గింజలను గరుకు రాయి మీద కాస్త గీకి నీళ్లలో వేసింది. తెల్లారేసరికి రెండింతలయ్యాయి. మర్నాడు తోలు చీల్చుకుని తెల్లటి వేరు బయటికొచ్చింది, వచ్చీ రాగానే కిందికి వంగింది. కింద ఏముందో దానికెవరు చెప్పారు? దశరథ్ డ్యూటీకి వెళ్లడం మరిచిపోయి చూస్తూ నిలబడ్డాడు. ఇరవయ్యేళ్ల నౌకరీలో ఏ మిషన్ ముందూ ఆయనకట్లా ఒళ్లు జలదరించలేదు.

"ఆ రెండు గూడ పెట్టరాదు?" అన్నాడు మెల్లగా.

"అవి దాస్తున్న."

"ఏడ?"

"నీకెందుకు? గింజకు ఇద్దరే దుష్మన్లు. ఒకటి దొంగవాన, ఇంకోటి నువ్వు. వానకు అదే తోలు గట్టిగ జేస్కుంది. నీ సంగతి నేన్ జూస్కుంట."