పక్కకు పెట్టిన చీరల గుట్ట

గాజుల కొట్టు సుగుణ చెప్పెనట. సుగుణకు ఆమె ఆడబిడ్డ చెప్పెనట. ఆ ఆడబిడ్డ చిక్కుడుకాయలు తుంచుచు టీవీలో చెవులారా విన్నదట: దేశమందు కొనువారి నమ్మకము పెరిగినదనియు, అడిగినవారెల్లరు 'వచ్చే ఏడు బాగుంటది' అని పలికిరనియు, కావున బజారు కోలుకున్నట్లే లెక్క అనియు. ఈ వార్త మట్టెవాడ సందులలో గడప గడపకును జానెడేసి పెరుగుచు పోయి, చీరల దుకాణము వెంకటరాజము చెవిని చేరునప్పటికి, జనము సంచులు పట్టుకొని బయలుదేరినారనియు, ఇదిగో మూల మలుపు తిరుగుచున్నారనియు రూపు దాల్చెను.

అది కార్తీక మాసము. ధవళ కార్పాస భార వినమిత శకట సంకుల ఘోషచే ఓరుగల్లు వీధులు మార్మ్రోగుచుండ, ఆటోల హారనులు శంఖములై చెలరేగుచుండ, మిరపబజ్జీల మూకుళ్ల పొగ హోమధూమము వలె దిక్కుల నావరించుచుండ, గజకడ్డీ గదాదండముగా, కత్తెర ఖడ్గముగా, చెవిమీది పెన్ను అమ్ములపొదిలోని ఏకైక శరముగా ధరించినవాడును, దసరా వెళ్లినది మొదలు ఈగలతో తప్ప ఎవ్వరితోను యుద్ధమెరుగనివాడును, ఆనాటికి ఇంకను బోణీ కానివాడును అగు ఆ విపణివీరుడు దుకాణపు పరుపుపై రొమ్ము విరుచుకొని కూర్చుండెను.

ఎదుట ముక్కాలి పీటపై పరకాల నేతగాడు కుమారస్వామి. ఆతని మగ్గము సాలెపురుగుల పాలయ్యెను. ఆ ఇంట ఇప్పుడు నేయుచున్నవి అవి మాత్రమే.

"సేటూ, ఏదో ఒకటి తేల్చు," అనెను కుమారస్వామి. "చీరెలు నెయ్యుమంటే ఇయ్యాలనే నూలు కొనుక్కపోత. వద్దంటే రేపటి సంది వాచ్‌మన్ పనికి పోవాలె. వాళ్లు డ్రెస్సు గూడ కొలత దీస్కున్నరు."

వెంకటరాజము గజకడ్డీ నెత్తి గర్జించెను. "వినుము తంతువాయ శేఖరా! నమ్మకము పెరిగెను! నమ్మకము పెరిగినచో కాళ్లు బజారుకు నడచును, కాళ్లు నడచినచో చేతులు సంచిలోనికి పోవును! సంధ్యాదీపము లోపల బోణీ యయ్యెనా, నీ మగ్గము మేఘము వలె ఉరుమును! కాకున్నచో..." అని గజకడ్డీ దించి, "డ్రెస్సు నీకు మంచిగనే ఉంటది తీ, కుమారన్నా," అనెను.

అంతట వచ్చెను, తొర్రూరు దిక్కు పల్లె నుండి పత్తి తెచ్చి మార్కెట్టులో దింపి, ఆ పైసలు బ్యాంకులో పడు శుభఘడియకై వేచియున్న రైతుకుల వీరనారి మొగిలమ్మ, కోడలు వినోద వెంట నడువగా!

"తమ్మీ, మాఘంల మా ఇంట్ల పెండ్లున్నది. మంచియి తియ్యి."

తీసెను. విసరెను. మిరపపండు రంగు చీర ఆగ్నేయాస్త్రమై లేచెను, నీలిది వారుణాస్త్రమై దానిపై కురిసెను, జరీ అంచులు మెరుపులై కన్నులు చెదరగొట్టెను. మొగిలమ్మ రెప్ప వేయలేదు.

"గిది చీరెనా, దోమతెరనా? కొంగు జూపుమంటే అంచు జూపుతవేంది? సంబంధం జూడనచ్చినోళ్లకు అక్కను దాచి చెల్లెను జూపినట్టు!"

పిమ్మట బేరము. అబ్బో, ఆ బేరము! ఆమె సగానికి నరికెను, అతడు పైకి లేపెను. ఆమె లేచి గడప దాటెను, అతడు పిలిచెను. ఆమె తిరిగి కూర్చుండెను, అతడు తల్లిమీద ఒట్టు పెట్టెను. తుదకు ధర కుదిరెను. వెంకటరాజము సంచి విప్పుచుండగా, మొగిలమ్మ అమోఘమైన అస్త్రమును సంధించెను:

"మంచిగున్నయి. పక్కకు పెట్టు. పైసలు పడంగనే అచ్చి తీస్కపోతం."

పేరు చీటీ గుచ్చి పక్కకు పెట్టిన చీరను మరొకరికి అమ్మరాదు. అది ఆ బజారు ధర్మము. తప్పినవాని గడప మరల ఏ ఆడపడుచును తొక్కదు. వెంకటరాజము చీటీలు గుచ్చెను. ఆ వెనుక వచ్చిన వారును అట్లే విప్పించిరి, బేరమాడిరి, పక్కకు పెట్టించిరి. మధ్యాహ్నము తిరుగునప్పటికి చీటీల చీరల గుట్ట ఫ్యాను రెక్కలకు తలతాకించెను. అలమరలలో బల్లి యొక్కటి నిస్సంకోచముగా విహరించెను.

"జూసినవా కుమారన్నా! లేచింది గిరాకి!"

"గల్లా మూత లేవలే గద సేటూ."

ఆ సమయమున దవాఖాన డ్యూటీ దిగి నర్సు శోభారాణి, పైసలు కొట్టుటకు సిద్ధముగా ఫోను చేతబట్టి, సుడిగాలి వలె ప్రవేశించెను. "అన్నా, గా ఆకుపచ్చది ప్యాక్ చెయ్యి. బేరం గీరం వద్దు, బస్సున్నది నాకు."

బేరమాడని గిరాకీ! ఆకుపచ్చది మొగిలమ్మది. ఆమె ఫ్యాను కింద సద్ది విప్పుకొని అక్కడనే కూర్చున్నది.

ఒకవైపు బోణీ, మరొకవైపు మాట. వెంకటరాజము హృదయ కురుక్షేత్రమున ఉభయ సేనలును ఘూర్ణిల్లెను. "అక్కా," అని మొగిలమ్మ ఎదుట మోకరిల్లినంత పని చేసెను, "నీకు గసొంటిదే ఇంకోటి తెప్పిస్త."

"ఆ తెప్పిచ్చేదేదో ఆమెకే తెప్పియ్యి."

"పోనీ గా ఎర్రది?" అనెను శోభారాణి. చీటీ. "పసుపుది?" చీటీ. "ఏందన్నా, దుకాణమా, మ్యూజియమా?" అని ఆమె వెనుదిరుగగా, విపణివీరుడు గజకడ్డీ అడ్డముంచి ఆక్రోశించెను: "చెల్లే! బోణీ లేదు! వట్టి చేతుల పోకు! ఏదన్నొకటి తీస్కో!"

ఆమె ఒక్క క్షణము వాని ముఖము చూచెను, పిదప గడియారము చూచెను. గోడ మేకుకు వ్రేలాడు తెల్లని లంగా నాడా యొకటి తెంపుకొని, ఫోను ఆడించి, బస్సు వెనుక పరుగెత్తెను.

గోడ మీది పెట్టె పైసలు ముట్టినవని పలికెను! దుందుభులు మ్రోగెను, అనగా, ఎదుటి వెల్డింగు షాపువాడు రేకు మీద సుత్తి వేసెను. వెంకటరాజము తన ఫోనును కన్నుల కద్దుకొని ముల్లోకములకు చాటెను: "జయము! లంగా నాడా విక్రయమయ్యెను! బజారు కోలుకొనెను!"

"గట్లయితే నూలు కొననా సేటూ?" అనుచు కుమారస్వామి లేచెను.

"కొను! అలమరలు వట్టివైనయి, కనవడ్తలేదా? నమ్మకం పెరిగింది!"

కుమారస్వామి ఒక కాలికి చెప్పు తొడిగి, రెండవదానికై వెదకుచు ఆగి, మొగిలమ్మ వైపు తిరిగెను. "అక్కా, నువ్వు జెప్పు. పైసలు పడ్తయని మీకు నమ్మకమున్నట్టేనా?"

మొగిలమ్మ సద్దిగిన్నె మూత పెట్టెను.

"నమ్మకముంటే ఉద్దెర రాసుకొమ్మని చీరెలు ఇంటికే తీస్కపోదుం గద తమ్మీ. లేకనే పక్కకు పెట్టుమన్నం."