అంతయ్య సీటు కాలుతున్న విషయమై

వేడెక్కిన సీటును చల్లార్చడం మనుషులకు చేతనవుతుందేమో గానీ, ఆఫీసుకు అంత తేలిక కాదు. ముందు సీటు వేడిగా ఉందని తేల్చాలి. ఉండవలసిన దానికంటే వేడిగా ఉందనీ తేల్చాలి. అందులో కూర్చున్నవాడికి కూర్చునే అర్హత ఉందో లేదో చూడాలి. ఇవన్నీ అయ్యాక సీటు ఇంకా మిగిలి ఉంటే మరమ్మతు చేయాలి.

మాది శ్రీరాంపూర్ గనులకు యంత్రాలు అందించే యంత్రసేవా మండలి. యంత్రాలు బిగించడానికి మంచుదేశం నుంచి వచ్చిన ఇంజనీర్లు పోతూ పోతూ తమ కారును మాకు వదిలిపోయారు. దాని ముందు సీట్లలో మెత్త కింద తీగలుంటాయి. మీట నొక్కితే కూర్చున్నచోట వెచ్చబడుతుంది. డ్రైవరు సీటు మీట ఇరుక్కుపోయి, ఇంజను నడిచినంతసేపూ సీటు కాలడం మొదలైంది. అది తొంభైమూడు, మే నెల.

"సారు, జర గా వైరు కోసేయమనుండ్రి. పెనం మీద రొట్టె లెక్క అయితున్న," అని డ్రైవరు అంతయ్య మా వాహనాల అధికారి జైపాల్‌రావుగారికి మొరపెట్టుకున్నాడు.

"కోసుడేందయ్యా? వెచ్చగ చేసుడే దాని డ్యూటీ. డ్యూటీ చేసేదాన్ని ఆపితే రేపు పైవాళ్లు నన్ను అడుగరా?" అన్నారాయన.

అయినా న్యాయం తప్పే మనిషి కాదు కనుక లోపనిర్ధారణ సంఘం వేశారు. (బి.కాం. చదివినందుకు నన్ను కార్యదర్శిని చేశారు. మా బాపు ఊరంతా చెప్పుకున్నాడు.)

సంఘం మిట్టమధ్యాహ్నం సమావేశమైంది. పోలిక లేనిదే నిర్ధారణ చెల్లదని ఆవరణలోని బండ్లన్నిటి సీట్ల మీదా చేయిపెట్టి చూశాం. కారు వేపచెట్టు నీడన ఉంది, ఇంజను ఆగి ఉంది. (నడపడానికి పెట్రోలు మంజూరు కాలేదు.) ఎండలో ఉన్న జీపు సీటు ముట్టుకున్న సభ్యుడు మాత్రం కెవ్వుమన్నాడు. లోపం జీపుదేనని ఏకగ్రీవంగా తీర్మానించి, దాన్ని మరమ్మతుకు కరీంనగర్ పంపాం. అక్కడ షెడ్డు నీడలో నిలబెట్టగానే నయమైంది.

అంతయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి జైపాల్‌రావుగారు స్వయంగా, ఇంజను నడిపించి, పరీక్షకు పూనుకున్నారు. అధికారి ఎక్కడ కూర్చున్నా కింద తెల్ల తువ్వాలు పరవడం మా ఆఫీసు మర్యాద. ఇక్కడా నాలుగు మడతలు వేసి పరిచాం. ఆయన కాసేపు కళ్లు మూసుకున్నారు.

"హాయిగున్నది గదయ్యా! నా నడుంనొప్పి సుత తగ్గింది."

"గట్లయితే నేను సుత తువ్వాల ఏస్కుంట సారు."

"తువ్వాల అధికారులకేనయ్యా," అన్నారాయన, నొప్పించకుండా.

డ్రైవరు హోదాకు మించిన సౌకర్యం అనుభవిస్తున్నాడని దీంతో రుజువైంది. కనుక చలికాలంలో అతనికిచ్చే ఉన్నికోటు రద్దయింది.

మర్నాడు అతని భార్య లింగవ్వ గేటు దగ్గర నన్ను ఆపింది. "సర్కారు కారుల కూసుంటడని మురిసి నన్నిచ్చిండ్రు మావోళ్లు. గిప్పుడు బువ్వ సుత నిలవడే తింటుండు. సదువుకున్నోనివి, ఏం కొలువు కొడుకా గిది?"

దరఖాస్తు పెట్టుకొమ్మన్నాను.

ఇప్పుడు అంతయ్య సీటుకు తగలకుండా, సగం లేచి నడుపుతున్నాడు. వెనక కూర్చునే జైపాల్‌రావుగారు అది గమనించారు. అధికారి ఉండగా కూర్చోవడానికి కూడా జంకే వినయం ఈ రోజుల్లో అరుదని మెచ్చుకుని, డ్రైవర్లందరూ ఇకపై అలాగే నడపాలని ఉత్తర్వు ఇచ్చారు. ఆ సీటు మాత్రం ఇంకా పనిచేస్తోంది. మా ఆఫీసులో అప్పగించిన పని ఆగకుండా చేస్తున్నది అదొక్కటే.

పెద్దపల్లి దారిలో డ్రైవర్లు సగం లేచి నడిపే బండ్లు ఎదురైతే, అయ్యా, మా అంతయ్యను తలచుకోండి. వీలైతే అతని తరఫున కాసేపు కూర్చోండి.