మంచు వేళ ఎండదెబ్బ

ఇకమీదట పక్క దిగకుండానే ఆవుల బాగోగులు చూసుకోవాలని ఆ పొద్దున మామ నిశ్చయించుకున్నాడు. ఆయన్ను ఎరిగినవాళ్లంతా ముందుచూపు మామ అంటారు. కొట్టంలో వేడి, తేమ కొలిచే మీటరును కిందటి సాయంత్రమే బావమరిది బిగించి వెళ్లాడు. ఎంత వేడి ఉందో ఫోనులో కనబడుతుంది. ఫ్యాన్లూ, నీళ్లు చిమ్మే గొట్టాలూ ఫోనులోనే నొక్కాలి. మీటరు పాడవకూడదని గాలీ నీళ్లూ తగలని మూల చూసి మరీ పెట్టాడు.

మామ ఫోను చూశాడు. ముప్పై రెండు డిగ్రీలు. బయట మంచుకి ఎదురిల్లు కూడా కంటికి ఆనడం లేదు. అయినా ఫ్యాన్లు వేశాడు. కాసేపటికి ముప్పై నాలుగైంది. బావమరిదికి ఫోను చేశాడు.

"మీటరు అబద్ధం చెప్పదు బావా. నీళ్లు కొట్టు."

కొట్టాడు. ముప్పై ఏడైంది.

"ఒక్కసారి లేచి వెళ్లి చూసి రాకూడదుటండీ?" అంది అత్త.

"వెళ్లి చూసేదానికి మీటరెందుకే?"

ముప్పై తొమ్మిది కనబడేసరికి, నెలలు నిండిన ఎర్రావు గుర్తొచ్చి మామ పక్క మీదే లేచి కూర్చున్నాడు. పశువుల డాక్టరుకు కబురు పెట్టాడు. ఎండదెబ్బ అని చెప్పడంతో, ఆయన తలకు మఫ్లరు చుట్టుకుని గ్లూకోజు సీసాలు పట్టుకొచ్చాడు.

కొట్టం తలుపు తీస్తే లోపల గాలివాన. ఆవులన్నీ పండగ రద్దీలో బస్సెక్కినట్టు ఒకే మూలన ఇరుక్కుని, రోమాలు నిక్కబొడుచుకుని వణుకుతున్నాయి. వాటి ముట్టెల మధ్య మీటరు.

డాక్టరు మీటరు వైపు వేలు చూపించాడు. "చలికి ఇవి మీటరు దగ్గర చేరాయి. వీటి ఊపిరికి మీటరు ఎక్కింది. అది ఎక్కిందని మీరు నీళ్లు కొట్టారు. మీరు కొట్టారని ఇవి ఇంకా దగ్గరికి జరిగాయి. ముందు ఆపండి."

మామ తడి చేత్తో జేబులోంచి ఫోను తీశాడు. అది జారి నీళ్ల తొట్టిలో పడింది. భుజం దాకా చెయ్యి పెట్టి వెతికి పైకి తీసేసరికి దాని పని అయిపోయింది. ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

అత్త మారుమాట లేకుండా వెళ్లి ఫ్యూజు పీకేసింది. ఇంట్లోకి వెళ్లి చేతికి దొరికిన దుప్పట్లూ రగ్గులూ అన్నీ మోసుకొచ్చింది. మామ గోనెసంచులతో ఒక్కో ఆవునూ తుడుస్తుంటే, ఆమె వెనకాలే వాటికి దుప్పట్లు కప్పుతూ వచ్చింది. ఎర్రావు దగ్గరికి వచ్చేసరికి మామ గోనెసంచి పట్టుకుని ఆగిపోయాడు.

"దీనికేమన్నా అయితే..." అన్నాడు.

"తుడవండి," అంది అత్త.

మధ్యాహ్నానికి డాక్టరు అన్నిటినీ పరీక్షించాడు. ఎర్రావు దగ్గర ఎక్కువసేపు ఆగాడు. "ఏం ఫర్వాలేదు. కడుపులో దూడ కూడా కదులుతోంది."

మామ దణ్ణం పెట్టబోయాడు. ఆ చేతులు పట్టుకున్న డాక్టరు ఉలిక్కిపడి నుదురు తాకి చూశాడు.

"జ్వరం మీకుందండీ. వెళ్లి వెచ్చగా కప్పుకుని పడుకోండి."

మామ వెళ్లి పడుకున్నాడు గానీ, కప్పుకోవడానికి ఇంట్లో గుమ్మానికి వేలాడే కర్టెను ఒక్కటే మిగిలింది.