ఠాణాలో జమచేసిన తుపాకీ

ఆ సోమవారం కూర్మయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఠాణాకు వెళ్లి తుపాకీ తెచ్చుకోవడం, మధ్యాహ్నానికి డ్యూటీ ఎక్కడం. బెంగాల్లోని గార్డెన్ రీచ్ రేవు దగ్గర గోనెసంచుల గోదాముకు పద్దెనిమిదేళ్లుగా అతనే కాపలా. ఉద్యోగం అతనిదే గాని, అర్హత మాత్రం అతని లైసెన్సు తుపాకీది. ఎన్నికలంటూ పోలీసులు పేటలోని తుపాకులన్నీ జమచేయించుకున్నారు. ఎర్రజెండా మళ్లీ గెలిచి నెల దాటింది. ఈ పూట తుపాకీతో రాకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటానని మేనేజరు తేల్చి చెప్పేశాడు.

"బేగి ఒచ్చీ మావా. పోలీసోళ్లతో మాటలెట్టుకోకు" అంది భార్య అమ్మన్నమ్మ.

"మాటలేటే? రసీదిచ్చీడం, తుపాకీ అట్టుకొచ్చీడం. అయిపోనాది" అన్నాడు కూర్మయ్య.

జమచేసిన ఆయుధాలు దాచే మాల్‌ఖానాకు ఘోషాల్ బాబు అధికారి. ఆయన రసీదు చూసి లోపలికి వెళ్లి, వెండి పూలు చెక్కిన జంట గొట్టాల తుపాకీ ఒకటి తెచ్చి బల్లమీద పెట్టాడు.

"ఇది నాది కాదు దాదా" అన్నాడు కూర్మయ్య, పద్దెనిమిదేళ్ల బెంగాలీలో. "నాది ఒంటి గొట్టం. చెక్క మడమ పగిలితే నేనే రాగితీగ చుట్టాను."

"గది కారి చీటీలన్నీ ఊడిపోయాయి. నీ నంబరు చీటీ దీని పక్కన దొరికింది. కాబట్టి ఇదే నీది. సంతకం పెట్టు."

"ఎవరో జమీందారు తుపాకీ నేను పట్టుకెళితే రేపు దొంగనని నన్నే పట్టుకుంటారు గదా?"

అందులో నిజం ఉందని ఘోషాల్ బాబుకు తోచింది. "అయితే నీది పోయినట్టే. పోయిందని దరఖాస్తు ఇవ్వు" అని, తనే రాసి, కూర్మయ్య చేత సంతకం పెట్టించి, రసీదు దానికి జతచేసి లోపలికి పంపాడు. దారిలో రసీదు దాఖలు చేసుకునే గుమాస్తా రసీదు ఊడదీసుకుని టీకి వెళ్లిపోయాడు. దరఖాస్తు ఒక్కటే ఇన్‌స్పెక్టరు బల్ల చేరింది. ఆయన్ని అందరూ బొడోబాబు అంటారు.

"లైసెన్సు తుపాకీ పారేసుకోవడం నేరం, తెలుసా?" అన్నాడు బొడోబాబు.

"పారేసుకోలేదు బాబూ, మీకే ఇచ్చాను."

"రసీదేదీ?"

"అదీ మీకే ఇచ్చాను."

బొడోబాబు అతన్ని బెంచీమీద కూర్చోబెట్టించాడు.

కూర్మయ్యను తుపాకీ కేసులో పట్టుకున్నారన్న వార్త అరగంటలో రేవు చేరింది. యూనియన్ నాయకుడు వెంకటరత్నం నలభైమందిని, జెండాలను వెంటబెట్టుకుని బయలుదేరాడు. కూర్మయ్య తుపాకీ ఇచ్చి తీరాలన్నది నినాదం. నలభై గొంతుల్లో కూర్మయ్య పేరు ఎక్కడో నలిగిపోయింది. లోపలికి "బందూక్! దితే హోబే! దితే హోబే!" అన్నదొక్కటే వినబడింది.

"ఠాణా మీద పడి తుపాకులు ఇమ్మంటున్నార్రా!" అని బొడోబాబు లేచాడు. అదనపు బలగాలు కావాలని పైకి ఫోను చేసి, సెంట్రీని కేకేశాడు. మాల్‌ఖానా తలుపు దగ్గరి సెంట్రీ పరుగున వచ్చి గుమ్మంలో నిలబడి తుపాకీ గురిపెట్టాడు. జనం గేటు దాకా వెనక్కి తగ్గారు. బెంచీమీదున్న కూర్మయ్య మాత్రం దిగ్గున లేచాడు. సెంట్రీ చేతిలోని తుపాకీ మడమకు రాగితీగ తళతళలాడుతోంది.

"ఓలమ్మా! అది నాదే!"

తిన్నగా నడిచి వెళ్లి గొట్టం పట్టుకున్నాడు. సెంట్రీ తుపాకీని వెనక్కి లాక్కున్నాడు.

"భయపడకు దాదా. తూటాలు మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయి."

తుపాకీ తనది కాదని సెంట్రీ ఒప్పుకున్నాడు. అతని సర్కారు రైఫిలు కిందటి దుర్గాపూజల నాటికే చెడిపోయి మరమ్మతుకు వెళ్లింది. ఉత్త చేతులతో కాపలా బాగుండదని, లోపలున్న తుపాకుల్లో చేతికి అందింది తీసుకుని మిగతావాటికి కాపలా కాస్తున్నాడు.

బయట జయజయధ్వానాలు. కూర్మయ్య తుపాకీ భుజాన వేసుకున్నాడు. బొడోబాబుకు అప్పుడు గుర్తొచ్చింది. పైనుంచి బలగాలు దారిలో ఉన్నాయి. వాళ్లతో వచ్చే పెద్ద ఆఫీసరు వంద తుపాకుల గదికి కాపలాగా ఉత్త చేతుల సెంట్రీని చూస్తాడు. వెంటనే గోదాముకు ఒక ఉత్తరం వెళ్లింది: ప్రజాప్రయోజనం దృష్ట్యా ఒక కాపలాదారును ఆయుధంతో సహా ఠాణాకు పంపవలెను. ఠాణాతో గొడవెందుకని మేనేజరు సరేనన్నాడు. ఇది పోరాట విజయమని వెంకటరత్నం ప్రకటించాడు.

సాయంత్రం అమ్మన్నమ్మ అన్నం క్యారేజీ పట్టుకుని వెతుక్కుంటూ వచ్చింది. మాల్‌ఖానా తలుపు దగ్గర నిటారుగా నిలబడ్డ మొగుణ్ణి కిందికీ పైకీ చూసింది.

"ఏటి మావా, పోలీసు ఉజ్జోగం ఒచ్చీసిందేటి?"

"తుపాకీకొచ్చింది. మొయ్యడానికి నన్నెట్టుకున్నారు" అన్నాడు కూర్మయ్య.