మూడు బాటల కాడి నిమ్మచెక్కలు

సోమవారం పొద్దున విజయమ్మ రెండు పనులు పెట్టుకుంది. ఒకటి, రెజిమెంటల్ బజార్ నుంచి తెచ్చిన యాభై నిమ్మకాయలు కోసి ఉప్పులో ఊరేయడం. రెండోది, గురువారం జరిగే కరోనా రెండో డోసు శిబిరానికి గల్లీలోని ఆడవాళ్ళ పేర్లు రాసుకోవడం. మొదటి డోసప్పుడు బోయిగూడలోని తమ గల్లీనంతా రెక్క పట్టి లాక్కెళ్ళి సూది వేయించింది ఆవిడే. ఈసారీ ఒక్కరు తప్పిపోతే ఊరుకునేది లేదని అందరికీ ముందే చెప్పి ఉంచింది.

సంచీ విప్పి చూస్తే నలభై ఒక్క కాయలే ఉన్నాయి. ఎలుకలు నిమ్మకాయలు తినవు కదా అనుకుంటూ పెరట్లోకి వెళ్ళింది. బట్టలుతికే బండ వెనక, గోడకూ బండకూ మధ్య సందులో, పిండేసిన నిమ్మచెక్కలు కనిపించాయి. ఒక్కోటీ ఎర్రగా ఉంది. కుంకుమేమోనని వేలు పెట్టి చూసింది. కుంకుమ కాదు. వేలికంటిన ఆ ఎరుపు మూడుసార్లు కడిగినా పోలేదు. నెత్తురేమోనని విజయమ్మకు అనుమానమొచ్చింది.

ఎందుకంటే కోడలు వసుధ మూడు నెలలుగా తెల్లగా పాలిపోతోంది. స్కూల్లో సైన్సు చెప్పే పిల్ల, అంతకుముందు మెట్లు రెండేసి చొప్పున ఎక్కేది. ఇప్పుడు నాలుగు మెట్లకోసారి గోడ పట్టుకుని నిలబడుతోంది. పిలిస్తే కాసేపటికి గానీ తల తిప్పదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగులుతుంది, ఎండాకాలమైనా సరే. పెదవులకీ చెంపలకీ రంగులో తేడా లేదు.

అది చాలదన్నట్టు మధ్యాహ్నం పూట వంటింటి తలుపు మూసుకుంటుంది. లోపలి నుంచి కరకరమని నమిలే చప్పుడు. ఎండిన ఎముక కొరికినట్టు, ఆగి ఆగి. ఆ రోజు విజయమ్మ ధైర్యం చేసి తలుపు తట్టింది.

"ఏం తింటున్నవ్ బిడ్డా?"

చప్పుడు ఆగిపోయింది. తలుపు తెరుచుకుంది. లోపల పళ్ళెం లేదు, గిన్నె లేదు, కింద ఒక్క మెతుకు లేదు. వసుధ పెదవులు మాత్రం తడిగా ఉన్నాయి.

"ఏం లేదత్తమ్మా," అంది. ఆ మాటతోపాటు మొహానికి తగిలిన ఊపిరి కూడా చల్లగానే ఉంది.

విజయమ్మ వెళ్ళి కొడుకు విజయేందర్ ముందు కూర్చుంది. "అరేయ్, పిల్లకేదో గాలి సోకిందిరా. నాకు జెర భయమైతుంది."

అతను ఫోన్లోంచి తల ఎత్తలేదు. "ఆన్‌లైన్ క్లాసులమ్మా. అందరూ గట్లనే ఉన్నరు."

ఇక తన తిప్పలేవో తనే పడాలని విజయమ్మకు అర్థమైపోయింది. ఇంటి మీద ఎవరో ఏదో ప్రయోగించారు. అలాంటి నిమ్మచెక్కల్ని చెత్తబుట్టలో వేయకూడదు. మిట్టమధ్యాహ్నం ఎవరూ చూడకుండా కొంగు కింద దాచుకుని, గల్లీ చివర మూడు బాటలు కలిసే చోట వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా ఇల్లు చేరింది. మంగళవారం బండ వెనక ఇంకో నాలుగు దొరికాయి. బుధవారం ఆరు. అన్నీ అక్కడికే మోసింది. మోసిన ప్రతిసారీ, "నా కోడల్ని ఇడిచిపెట్టు," అని ఎవరికో తెలియకుండానే మొక్కుకుంది.

బుధవారం సాయంత్రం పక్కింటి కమలాబాయి ఆయాసపడుతూ వచ్చింది.

"విజయమ్మక్కా, ఇన్నవా? మూడు బాటల కాడ ఎవరో బాణామతి చేస్తున్నరట. నిమ్మకాయలు నెత్తుటి లెక్క ఎర్రగున్నయ్! దాటినోళ్ళ పానం పోతదట."

"అవునా? ఎవరో ఏమో!" అంది విజయమ్మ, ఎర్రబడ్డ వేలు కొంగులో చుట్టుకుంటూ.

పొద్దుగూకేలోపల గల్లీ మారిపోయింది. ఆటోలు మూడు బాటల దగ్గరికి వచ్చి వెనక్కి తిరిగాయి. కూరగాయల బండి అవతలే ఆగిపోయింది. ఒక కుక్క ఆ చెక్కలను వాసన చూసి, తోక ముడుచుకుని వెనక్కి వెనక్కి నడిచింది. తలుపులన్నీ మూసుకున్నాయి. విజయమ్మకు తన చెప్పుల చప్పుడే వెనక ఎవరో వస్తున్నట్టు వినిపించింది.

గురువారం వచ్చింది. శిబిరం జరిగే కమ్యూనిటీ హాలు మూడు బాటలకు అవతలుంది. అక్కడ డాక్టర్ మేబెల్, ఒక నర్సు, ఖాళీ కుర్చీలు. ఇవతల నలభై మంది ఆడవాళ్ళు. మధ్యలో ఎండకు వడిలిన ఎర్రటి నిమ్మచెక్కలు. ఒక్కరూ అడుగు ముందుకు వేయడం లేదు.

విజయమ్మ లోలోపల లెక్క వేసుకుంది. అవి మా ఇంట్లోవేనంటే చాలు, రేపటి నుంచి వసుధను మంత్రగత్తె అంటారు. అనకపోతే ఈ నలభై మందికీ సూది పడదు.

అప్పుడొచ్చింది వసుధ. తెల్ల చున్నీ తలమీద కప్పుకుని, ఎండలో, గోడలు పట్టుకుంటూ మెల్లగా నడిచి వచ్చింది. జనం రెండు పాయలుగా విడిపోయారు. సంగతి విని, చెక్కల వైపు చూసింది.

"గివి నావే," అంది. "నేనే పిండుకున్న. ఏం గాదు, సూడుండ్రి."

వంగి ఒకటి తీసి నాలుకకు రాసుకుని నవ్వింది. పళ్ళు ఎర్రగా ఉన్నాయి.

జనం పెట్టిన కేకలు చిలకలగూడ దాకా వినిపించి ఉంటాయి. కమలాబాయి ఒక చెప్పు అక్కడే వదిలేసి పరిగెత్తింది. వసుధ నవ్వు సగంలో ఆగిపోయింది. కళ్ళు తేలేసి రోడ్డు మీద కుప్పకూలింది.

విజయమ్మ బాణామతిని మర్చిపోయింది, ప్రాణభయం మర్చిపోయింది. చెక్కలన్నీ తొక్కుకుంటూ వెళ్ళి కోడలి తల ఒళ్ళో పెట్టుకుంది. "బిడ్డా! నన్ను తీస్కపో, దీన్నిడిచిపెట్టు!" అని ఎవరితోనో చెప్పి గట్టిగా ఏడ్చేసింది.

పరిగెత్తుకొచ్చిన డాక్టర్ మేబెల్ నాడి చూసి, వసుధ కంటి కింది రెప్ప లాగి చూసింది. "ఒంట్లో రక్తమే లేదు. నెలసరిలో బ్లీడింగ్ ఎక్కువా? ఎన్నాళ్ళనుంచమ్మా?"

వసుధ కళ్ళు తెరిచింది. "ఫస్ట్ డోస్ తర్వాత నుంచి మేడమ్. నెలకు పన్నెండు రోజులు. గంటకో ప్యాడ్."

"గింత తక్లీఫ్ ఎందుకు దాసినవే?" అంది విజయమ్మ.

"చెప్తే రెండో డోసుకు ఒక్కరు రారు అత్తమ్మా. అందర్నీ తోల్కపోయింది నువ్వని నిన్నే తిడ్తరు. అందుకే బీట్‌రూట్ తురిమిన చేత్తోనే రసంల నిమ్మకాయ పిండుకొని తాగుతున్న. చెక్కలు నీకు కనబడొద్దని బండెనక వేసిన. ఫ్రిజ్‌ల ఐస్ నములుడు మాత్రం ఎందుకో ఆపబుద్ధి కాలె."

ఆ పిల్ల మూడు నెలలు రక్తం ధారపోసింది అత్తగారి పరువు కోసమని తెలిసి, విజయమ్మకు సిగ్గూ దుఃఖమూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

"ఐస్ నమలాలనిపించేది రక్తం తక్కువైతేనే," అంది మేబెల్. "సూది తర్వాత కొందరికి ఒకటి రెండు నెలలు నెలసరి తేడా చేస్తుంది, సర్దుకుంటుంది. ఇంత పోతుంటే మాత్రం దాచకూడదు. వేరే కారణముందేమో ఇవాళే హాస్పిటల్లో చూపించండి. బీట్‌రూట్ ఒక్కటీ చాలదు. ఐరన్ మాత్రలు, మునగాకు, పప్పులు, మాంసం తినేవాళ్ళయితే కార్జం."

ఒంటి చెప్పుతో కమలాబాయి మెల్లగా తిరిగొచ్చింది.

"డాక్టరమ్మా, పచ్చి బియ్యం బుక్కుడు సుత గట్లనేనా?"

ఇంకో గొంతు బలపాలంది. ఇంకొకామె తలొంచుకుని గోడ సున్నం అంది. చెక్కలు దాటి ఒక్కొక్కరే వచ్చి వరసలో నిలబడ్డారు. మేబెల్ రెప్పలు లాగి చూస్తూ పోయింది. పక్కనే నిలబడి విజయమ్మ ఒక్కో రెప్పా గమనించింది. సగానికి పైగా రెప్పల కింద అదే తెలుపు. గల్లీలో ఇన్నాళ్ళూ ఇంటింటా తిరిగిన గాలి ఈ రక్తం లేకపోవడమేనని ఆవిడకు అప్పుడే తెలిసింది.

ఆ రోజు అందరికీ సూదులు పడ్డాయి. వసుధను మాత్రం ముందు హాస్పిటల్‌కు తీసుకెళ్ళారు. స్కానింగులో భయపడాల్సిందేమీ లేదని చెప్పి, రక్తస్రావం ఆగడానికి మందులూ, రక్తం పట్టడానికి మాత్రలూ ఇచ్చారు.

ఆదివారం మటన్ వండిన విజయమ్మ, కార్జం ముక్కలన్నీ ఏరి కోడలి పళ్ళెంలో వేసింది. విజయేందర్ ఆ రోజు మాత్రం ఫోన్ పక్కన పెట్టాడు.

"అమ్మా, కార్జం ఎప్పుడూ నాకే గద ఏస్తవ్?"

"నీకేమన్న నెలనెలా పోతుందారా?"

విజయేందర్ బొక్కల పులుసు కలుపుకున్నాడు.